గీసే చెయ్యి... చూపే తెర

ఆ ఇంట్లో ఏడాదిగా ఒకటే గొడవ. కొడుకు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. తండ్రి గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఓ దుకాణంలో గుమస్తా. 'అందరి దగ్గరా 144 హెర్ట్జ్ మానిటర్లే ఉన్నాయి నాన్నా. నాదొక్కటే పాతది. అందుకే ప్రతి ఆటలోనూ ముందు నేనే చచ్చిపోతున్నా' అని పోరగా పోరగా చివరికి ఆ తండ్రి పద్నాలుగు వేలు పెట్టి కొత్త మానిటర్ కొనిపెట్టాడు. పెట్టె విప్పిన రోజు పండగే. నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది. ఆటలో ఏ తేడా లేదు. ముందు చచ్చిపోయేది వాడే.

'మానిటర్ మంచిదే నాన్నా. గ్రాఫిక్స్ కార్డు దానికి చాలట్లేదు. అదీ మార్చాలి' అన్నాడు. ఈసారి లెక్క ముప్ఫై అయిదు వేలు.

తండ్రి కోప్పడలేదు. తింటున్న అన్నం మీంచి తలెత్తి 'చూద్దాంలేరా' అన్నాడు. ఆ మాటకి అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు... ఎవరి దగ్గరో అప్పు చేయబోతున్నాడని.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అక్క వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తమ్ముడి కుర్చీలో కూర్చుని మౌసుని అటూ ఇటూ గబగబా తిప్పింది. తెర మీద బాణం గుర్తు ఎగిరెగిరి పడుతోంది. సెట్టింగుల్లోకి వెళ్లి రెండు నిమిషాలు వెతికి, 'ఏరా, ఇది ఇంకా 60లోనే ఉందిగా!' అంది.

అంతే! కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నెల రోజులుగా వాడు పద్నాలుగు వేల మానిటర్‌ని పాత మానిటర్‌లాగానే వాడుతున్నాడు.

ఇది ఆ ఒక్క ఇంటి కథే కాదు. కంప్యూటర్లో ఆటలాడే పిల్లలున్న చాలా ఇళ్లలో జరిగేదే. డబ్బాల మీద 144, 165, 240 అంటూ పెద్ద పెద్ద అంకెలుంటాయి. అవి దేనికో, ఎప్పుడు పనికొస్తాయో, ఎప్పుడు పనికిరావో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

మాస్టరు దోశ... కుర్రాడి వడ్డన

తెర మీద కనిపించే కదలిక నిజానికి కదలిక కాదు. ఒకదాని వెంట ఒకటి వచ్చే నిశ్చల చిత్రాలు. సినిమా అయినా అంతే, కంప్యూటర్ ఆట అయినా అంతే. కాకపోతే సినిమాలో బొమ్మలన్నీ ముందే తీసిపెట్టి ఉంటాయి. ఆటలో అలా కుదరదు. ఆడేవాడు ఎటు తిరుగుతాడో, ఎప్పుడు కాలుస్తాడో ముందు తెలియదు కాబట్టి ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు గీయాల్సిందే. ఆ పని గ్రాఫిక్స్ కార్డుది. సెకనుకి అది ఎన్ని బొమ్మలు గీస్తుందో దాన్నే ఫ్రేము రేటు అంటారు. గీసిన బొమ్మని కళ్ల ముందు పెట్టేది మానిటర్. సెకనుకి ఎన్నిసార్లు అది తెరను కొత్తగా మారుస్తుందో ఆ లెక్క రిఫ్రెష్ రేటు. దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు.

ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది.

టిఫిన్ సెంటర్‌ని ఊహించుకోండి. పెనం దగ్గర మాస్టరు దోశలు వేస్తుంటాడు. వడ్డించే కుర్రాడు గడియారం ముల్లులా ఠంచనుగా వచ్చి, ఉన్నది తీసుకెళ్లి బల్ల మీద పెడుతుంటాడు. మాస్టరు గ్రాఫిక్స్ కార్డు. కుర్రాడు మానిటర్. బల్ల దగ్గర కూర్చున్నది మన కన్ను. మాస్టరు ఎంత చురుకైనవాడైనా కుర్రాడు సెకనుకి 60 సార్లే వస్తే బల్ల మీదకి చేరేవి 60 దోశలే. మిగతావి వృథా. అలాగే కుర్రాడు 144 సార్లు పరుగెత్తగలిగినా మాస్టరు 50 దోశలే వేస్తే... చాలాసార్లు ఖాళీ చేతులతో తిరిగి వెళ్లాల్సిందే. బల్ల మీద పాత దోశే ఉంటుంది.

గుంటూరు కుర్రాడి కథలో జరిగింది మొదటిది. కార్డు పాపం 90 దాకా గీస్తూనే ఉంది. తెర 60 దగ్గర ఆగిపోయింది. వాడు మాత్రం తప్పంతా మాస్టరుదే అనుకుని కొత్త మాస్టరుని పెట్టించమన్నాడు!

టూరింగ్ టాకీస్ తండ్రి

అక్క ఇదంతా వివరిస్తుంటే తలుపు దగ్గర నిలబడిన తండ్రి నవ్వాడు. కుర్రతనంలో ఆయన ఓ టూరింగ్ టాకీస్‌లో ఆపరేటరు దగ్గర సహాయకుడిగా చేశాడు. 'మా రోజుల్లో సెకనుకి 24 బొమ్మలమ్మా. కానీ వెలుగు మాత్రం 48 సార్లు పడేది' అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 1920ల చివర్లో సినిమాకి మాటలొచ్చాక సెకనుకి 24 ఫ్రేములు ప్రమాణంగా స్థిరపడ్డాయి. అయితే సెకనుకి 24 సార్లే వెలుగు పడితే తెర దారుణంగా మినుకుమంటుంది. అందుకని ప్రొజెక్టర్‌లో తిరిగే రెక్క ఒకే బొమ్మని రెండుసార్లు, కొన్నింట్లో మూడుసార్లు తెర మీద వేసేది. అంటే బొమ్మలు 24, మెరుపులు 48 లేదా 72. ఫ్రేము రేటు వేరు, రిఫ్రెష్ రేటు వేరు అన్న సంగతి మన ఊరి టాకీస్ ఆపరేటర్లకి కంప్యూటర్లు రాకముందే తెలుసన్నమాట!

మరి సినిమాకి 24 చాలినప్పుడు ఆటకి ఎందుకు చాలదు? 'మనిషి కన్ను 24 బొమ్మలకు మించి చూడలేదు' అని కొందరు గట్టిగా వాదిస్తారు. అది తప్పు. 2014లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు కేవలం 13 మిల్లీ సెకన్లు, అంటే సెకనులో 77వ వంతు మాత్రమే చూపిన ఫొటోలో ఏముందో కూడా మనుషులు గుర్తించగలుగుతున్నారని చూపించారు. సినిమా కెమెరా ప్రతి ఫ్రేములోనూ కదలికను కాస్త అలికినట్టు పట్టుకుంటుంది. ఆ అలుకుడే ఒక బొమ్మకీ మరో బొమ్మకీ మధ్య సందును పూడుస్తుంది. ఆటలో గీసిన బొమ్మ సూదిమొనలా స్పష్టంగా ఉంటుంది. సందు కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. సినిమాని మనం చూస్తాం. ఆటని చేత్తో నడుపుతాం. చెయ్యి కదిలించిన క్షణానికీ తెర కదిలిన క్షణానికీ మధ్య ఆలస్యం సినిమా ప్రేక్షకుడికి ఉండదు. ఆటగాడికి ప్రాణం మీదకొస్తుంది.

బొమ్మే కాలమైతే...

తొలినాటి ఆటల్లో బొమ్మల వేగమే ఆట వేగం. 1978లో జపాన్‌కి చెందిన టైటో కంపెనీ కోసం తొమొహిరొ నిషికాడో తయారుచేసిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో శత్రువులు 55 మంది. ఒక్కో ఫ్రేములో ఒక్కో శత్రువు మాత్రమే కదిలేవాడు. అందరూ ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పట్టేది. ఆటగాడు ఒక్కొక్కరినీ కాల్చేస్తున్న కొద్దీ మిగిలినవాళ్ల వంతు త్వరత్వరగా వచ్చేది. చివరి శత్రువు పరుగో పరుగు! యంత్రం శక్తి చాలకపోవడం వల్ల వచ్చిన ఈ తేడాని నిషికాడో తీసేయలేదు. గుండె దడ పెంచే ఆ వేగమే ఆటకి అందమని ఉంచేశాడు.

1993లో వచ్చిన 'డూమ్' సెకనుకి 35 ఫ్రేముల దగ్గర ఆగేది. అప్పటి వీజీఏ తెర ఆ ఆట నడిచే పద్ధతిలో సెకనుకి 70 సార్లు మారేది. సరిగ్గా రెండుసార్లకి ఒక బొమ్మ. లెక్క కుదిరింది. 1999 చివర్లో వచ్చిన 'క్వేక్ 3'లో మరో విచిత్రం. ప్రతి ఫ్రేములోనూ లెక్కల్ని దగ్గరి పూర్ణాంకానికి సరిచేసే పద్ధతి వల్ల, సెకనుకి సరిగ్గా 125 ఫ్రేములు ఉన్నవాడు మిగతావాళ్లకంటే కాస్త ఎత్తుకి ఎగరగలిగేవాడు. 125 అంటే ఫ్రేముకి 8 మిల్లీ సెకన్లు. ఆటగాళ్లు ఊరుకుంటారా? అందరూ 125కే కట్టేసుకున్నారు.

ఇదేదో పాతకాలపు ముచ్చట కాదు. 2013 నాటి 'నీడ్ ఫర్ స్పీడ్: రైవల్స్' 30 ఫ్రేములకు కట్టేసి వచ్చింది. ఆ కట్టు విప్పి 60 చేసినవాళ్లకి కార్లన్నీ రెట్టింపు వేగంతో పరుగెత్తాయి. 2014 నాటి 'డార్క్ సోల్స్ 2' కంప్యూటర్ వెర్షన్‌లో 60 ఫ్రేముల దగ్గర ఆడితే కత్తులు రెట్టింపు త్వరగా అరిగిపోయేవి. 30 ఫ్రేముల ఆటయంత్రాల కోసం వేసిన లెక్క అది. 2015లో సరిదిద్దారు. అంటే ఎక్కువ ఫ్రేములు ఎప్పుడూ లాభమే అనుకోవడానికీ వీల్లేదు. ఆట ఎలా తయారైందన్నదీ చూసుకోవాలి.

గాజు గొట్టం నుంచి పలుచటి తెరకి

2000ల్లో నెట్ కేఫుల్లో 'కౌంటర్ స్ట్రైక్' ఆడినవాళ్లకి పాత లావుపాటి మానిటర్లు గుర్తుండే ఉంటాయి. ఆ గాజు గొట్టంలో ఎలక్ట్రాన్ల పుంజం తెరను పైనుంచి కిందకి గీతలు గీతలుగా వెలిగించేది. వెలిగిన చోటు వెంటనే ఆరిపోయేది. 60 హెర్ట్జ్ దగ్గర పెడితే మినుకుమినుకుమని తలనొప్పి. 85కి మారిస్తే కాస్త నయం. తెలిసిన ఆటగాళ్లు 100 పెట్టుకునేవాళ్లు. తమాషా ఏమిటంటే అప్పట్లోనూ ఇదే తిరకాసు. విండోస్ ఎక్స్‌పీలో మానిటర్‌కి ఎంత సత్తా ఉన్నా చాలా ఆటలు 60 దగ్గరే మొదలయ్యేవి. దాన్ని సరిచేయడానికి ప్రత్యేకంగా చిట్కాలుండేవి. పాతికేళ్ల కిందటి ఆ జబ్బే గుంటూరు ఇంట్లో మళ్లీ కనిపించింది!

తర్వాత ఎల్‌సీడీ తెరలొచ్చాయి. బల్ల మీద చోటు మిగిలింది, మినుకు పోయింది. కానీ వేగం వెనక్కి నడిచింది. ఎక్కువ మానిటర్లు 60 దగ్గర, కొన్ని 75 దగ్గర ఆగిపోయాయి. పైగా కొత్త సమస్య. గాజు గొట్టంలో బొమ్మ మెరిసి మాయమయ్యేది. ఎల్‌సీడీలో మరో బొమ్మ వచ్చేదాకా కదలకుండా అక్కడే ఉంటుంది. కన్ను మాత్రం కదిలే వస్తువు వెంట కదులుతూనే ఉంటుంది. ఆ తేడా వల్ల వస్తువు అంచులు అలికినట్టు కనిపిస్తాయి. లెక్క తేలికే. ఒక బొమ్మ సెకనుకి 1000 చుక్కల దూరం పరుగెడుతోందనుకోండి. 60 హెర్ట్జ్ తెర మీద దాదాపు 17 చుక్కల మేర అలుకుడు. 144 దగ్గర 7. 240 దగ్గర 4. పరుగెడుతున్న శత్రువు మసకమసకగా కనిపించడానికీ, మొహం గుర్తుపట్టేలా కనిపించడానికీ తేడా అదే.

2009లో శాంసంగ్, వ్యూసోనిక్ కంపెనీలు 120 హెర్ట్జ్ ఎల్‌సీడీలు తెచ్చాయి. అవి తెచ్చింది వేగం కోసం కాదు, త్రీడీ కళ్లద్దాల కోసం. ఒక్కో కంటికి 60 చొప్పున రెండు కళ్లకీ 120. కళ్లద్దాల మోజు కొన్నాళ్లకి పోయింది. కళ్లద్దాలు తీసేసి మామూలుగా ఆడినా ఆట నూనె రాసినట్టు జారుతోందని ఆటగాళ్లు కనిపెట్టారు. వేగమే మిగిలింది. 2012, 13 నాటికి 144 వచ్చింది. 2020లో 360. 2023లో 500 కూడా దాటేసింది.

సగం పాతది... సగం కొత్తది

మళ్లీ టిఫిన్ సెంటర్‌కి వద్దాం. కుర్రాడు ప్లేటు ఎత్తుతున్న క్షణంలోనే మాస్టరు దోశ మార్చేస్తే? ప్లేటులో సగం పాత దోశ, సగం కొత్త దోశ! తెర మీద కూడా అలాగే జరుగుతుంది. పై సగం ఒక బొమ్మ, కింది సగం దాని తర్వాతి బొమ్మ. గబుక్కున పక్కకి తిరిగితే గోడలూ స్తంభాలూ మధ్యలో విరిగినట్టు కనిపిస్తాయి. దీన్నే 'టేరింగ్' అంటారు. చిరుగు అన్నమాట.

దీనికి పాత మందు 'వీ-సింక్'. కుర్రాడు వచ్చేదాకా మాస్టరు దోశ మార్చకూడదన్న నియమం. చిరుగు పోతుంది. కానీ మాస్టరు ఒక్క క్షణం ఆలస్యమైనా కుర్రాడు వెళ్లిపోతాడు. మళ్లీ వచ్చేదాకా ఆగాలి. 60 హెర్ట్జ్ తెర మీద కార్డు సెకనుకి 58 బొమ్మలు గీయగలిగినా, మామూలు వీ-సింక్‌లో ఒక్కోసారి అది ఏకంగా 30కి పడిపోయేది అందుకే. పైగా సిద్ధమైన బొమ్మ ఎదురుచూస్తూ చల్లారిపోతుంది. ఆటగాడికి మౌసు బరువెక్కినట్టు ఉంటుంది.

2013 అక్టోబరులో ఎన్‌విడియా 'జీ-సింక్'ని ప్రకటించింది. ఆలోచన చిన్నదే. మాస్టరు కుర్రాడి కోసం ఆగడం దేనికి, దోశ అయ్యాకే కుర్రాడు రావొచ్చుగా? అంటే తెరే తన వేగాన్ని కార్డుకి తగ్గట్టు మార్చుకుంటుంది. అయితే అందుకు మానిటర్‌లో ఎన్‌విడియా ప్రత్యేక పరికరం ఉండాలి. ధర పెరిగింది. 2014లో ఏఎండీ అదే పనిని 'ఫ్రీసింక్' పేరుతో, ఆ పరికరం అక్కర్లేకుండా చేసి చూపించింది. మానిటర్ల ప్రమాణాలు నిర్ణయించే వెసా సంస్థ కూడా అదే ఏడాది ఆ పద్ధతిని డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది. చివరికి 2019 జనవరిలో ఎన్‌విడియా కూడా ఆ మానిటర్లకి తలుపులు తెరిచింది. ఆ పోటీలో గెలిచింది కొనుగోలుదారుడే. ఇప్పుడు ఓ మోస్తరు ధర మానిటర్లలోనూ ఈ సదుపాయం ఉంటోంది.

సగటు చెప్పే అబద్ధం

'నా కార్డు సగటున 60 ఫ్రేములు ఇస్తుంది' అని గొప్పగా చెప్పుకునేవాళ్లని ఒకటి అడగాలి. ఆ 60 సమానంగా వస్తున్నాయా అని. అర సెకనులో 59 బొమ్మలు చకచకా వచ్చి, చివరి బొమ్మ మిగతా అర సెకనంతా అలాగే నిలబడిపోయిందనుకోండి. సగటు 60యే! ఆట మాత్రం నడుస్తూ నడుస్తూ రాయి తగిలినట్టు ఆగుతుంది. వానల్లో మోకాల్లోతు నీళ్లు, ఎండల్లో చుక్క నీరు లేని చెరువుకి 'ఏడాది సగటు నీటిమట్టం బాగానే ఉంది' అన్నట్టుంటుంది ఈ లెక్క.

ఈ సంగతిని గట్టిగా చెప్పినవాడు స్కాట్ వాసన్. అమెరికాలోని 'టెక్ రిపోర్ట్'లో 2011 సెప్టెంబరులో ఆయన రాసిన వ్యాసం, సెకనుకి ఎన్ని ఫ్రేములన్నది కాదు, ఒక్కో ఫ్రేముకి ఎంత సమయం పట్టిందో కొలవాలని చూపించింది. ఆ తర్వాత కార్డుల పరీక్షల తీరే మారిపోయింది. ఇప్పుడు సమీక్షల్లో సగటుతో పాటు '1 శాతం లో' అని మరో అంకె ఉంటుంది. మరీ నెమ్మదిగా వచ్చిన ఫ్రేముల లెక్క అది. కార్డు కొనేవాళ్లు ముందు చూడాల్సింది దాన్నే. సగటు 140 ఉండి ఇది 40కి పడే కంప్యూటర్ కంటే, సగటు 90 ఉండి 75 దగ్గర నిలబడేదే ఆటకి సుఖం.

ఎంత వేగానికి ఎంత లాభం?

అంకెలు పెరిగే కొద్దీ లాభం అదే లెక్కన పెరగదు. 60 హెర్ట్జ్ దగ్గర ఒక బొమ్మ తెర మీద ఉండేది 16.7 మిల్లీ సెకన్లు. 144 దగ్గర 6.9. అంటే దాదాపు 10 మిల్లీ సెకన్లు కలిసొచ్చాయి. 144 నుంచి 240కి వెళితే మిగిలేది 2.8. 240 నుంచి 360కి వెళితే 1.4 మాత్రమే. డబ్బు మాత్రం పైమెట్టుకి వెళ్లే కొద్దీ ఎక్కువ అడుగుతారు.

కార్డు మీద బరువు సంగతి కూడా చూడాలి. మామూలు 1920×1080 తెర మీద చుక్కలు 20,73,600. సెకనుకి 60 బొమ్మలంటే 12 కోట్ల పైచిలుకు చుక్కలకి రంగు నింపాలి. 144 అంటే దాదాపు 30 కోట్లు. 4కే తెరైతే దానికి నాలుగింతలు. అందుకే 4కే కావాలి, 144 కావాలి, బొమ్మలు అద్భుతంగా ఉండాలి అంటే జేబు చిల్లే.

ఎన్‌విడియా కంపెనీ 'ఫ్రేమ్స్ విన్ గేమ్స్' అంటూ ప్రచారం చేసింది. ఫ్రేములే ఆటలు గెలిపిస్తాయని. వేగమైన తెరలున్నవాళ్లే ఎక్కువమందిని పడగొడుతున్నారని లెక్కలూ చూపించింది. కాస్త ఆలోచించాల్సిన విషయమే ఇది. ఖరీదైన మానిటర్ కొనేవాడు ఎవడు? రోజూ గంటల తరబడి ఆడేవాడు. బాగా ఆడేవాడు. ఖరీదైన బ్యాటు ఉన్నవాళ్లంతా ఎక్కువ పరుగులు చేశారని తేలితే, ఆ పరుగులు బ్యాటువేనా?

అలాగని తేడా లేదనీ కాదు. కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి మామూలు మనిషికి 200 నుంచి 250 మిల్లీ సెకన్లు పడుతుంది. దాని ముందు 10 మిల్లీ సెకన్లు చిన్నవే. కానీ ఇద్దరు సమవుజ్జీలు ఒకరికొకరు ఎదురుపడినప్పుడు ఆ పదే తేల్చేస్తుంది. 60 తెర మీద ఆడుతూ 300 ఫ్రేములు కావాలని ఆరాటపడే కౌంటర్ స్ట్రైక్ ఆటగాళ్ల గుట్టూ ఇదే. కుర్రాడు వచ్చేది 60 సార్లే అయినా, మాస్టరు వేగంగా వేస్తుంటే ప్లేటులో పడేది అప్పుడే దించిన వేడి దోశ. అంటే తెర మీద కనిపించేది కాస్త తాజా సమాచారం.

ఇప్పుడు మరో కొత్త మాట... 'ఫ్రేమ్ జనరేషన్'. 2022లో ఎన్‌విడియా, 2023లో ఏఎండీ తెచ్చిన ఈ పద్ధతిలో కార్డు రెండు అసలు బొమ్మల మధ్య ఓ బొమ్మని ఊహించి గీస్తుంది. తెర మీద 60 కాస్తా 120కి చేరువవుతుంది. కంటికి హాయిగా ఉంటుంది. కానీ మధ్యలోది ఊహించాలంటే తర్వాతి అసలు బొమ్మ వచ్చేదాకా ఆగాలిగా? అందువల్ల చేతికి అందే వేగం పెరగదు సరికదా, కాస్త తగ్గుతుంది. నింపాదిగా సాగే కథల ఆటలకి ఇది వరం. కాల్పుల పోటీలకి కాదు. డబ్బా మీద అంకె చూసి మోసపోకూడదు.

కొనేముందు... కొన్నాక

మీ ఇంట్లోనూ ఇలాంటి పోరు నడుస్తుంటే జేబులో చెయ్యి పెట్టేముందు కొన్ని సంగతులు చూసుకోండి. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే... ఇలా వరుసగా వెళితే రిఫ్రెష్ రేటు కనిపిస్తుంది. మానిటర్ సత్తా ఎంతో అంత అంకెను ఎంచుకోవాలి. ఆ అంకె అక్కడ లేకపోతే కేబుల్ని అనుమానించండి. పాత హెచ్‌డీఎంఐ కేబుల్, పోర్టు చాలాసార్లు పూర్తి వేగాన్ని మోయలేవు. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అదే వాడటం మేలు. ఇంకో పొరపాటు కూడా మామూలే. కేబుల్ని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా దాని పైనుండే మదర్‌బోర్డు పోర్టుకి తగిలిస్తారు. వేలు పోసి కొన్న కార్డు పని లేకుండా కూర్చుంటుంది.

ఆటలో నీడలు, ప్రతిబింబాలు లాంటి సెట్టింగులు ఒకటి రెండు మెట్లు తగ్గిస్తే ఫ్రేములు బాగా పెరుగుతాయి. జీ-సింక్, ఫ్రీసింక్ ఉంటే ఆన్ చేసి, 144 తెరకి ఫ్రేముల హద్దుని 140 దగ్గర పెట్టుకుంటే చిరుగు, బరువు రెండూ ఉండవు. ఆన్‌లైన్ ఆటైతే వైఫైకి బదులు వైరు లాగండి. నెట్‌లో పోయే 30 మిల్లీ సెకన్లని ఏ మానిటరూ తిరిగి తెచ్చిపెట్టలేదు.

అన్నిటికంటే ముందు ఆడే ఆటేమిటో చూడాలి. చదరంగం, క్రికెట్ మేనేజర్, పొలం సాగుచేసే ఆటలు ఆడేవాడికి 60 చాలు. కథల ఆటలకి 60 నుంచి 100 మధ్య నిలకడగా ఉంటే హాయి. కాల్పుల పోటీలకి 144 మంచి మజిలీ. ఆ పైన పోటీల్లో పాల్గొనేవాళ్ల సంగతి. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కి పతకాలిచ్చారు కాబట్టి ఆ బాట పట్టేవాళ్లని తప్పుపట్టలేం. కానీ ప్రతి ఇంటికీ ఆ సరంజామా అక్కర్లేదు.

ఇంతకీ గుంటూరు ఇంట్లో ఏమైంది?

అక్క 144 నొక్కింది. తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ వెలిగింది. మౌసు తిప్పితే బాణం గుర్తు ఈసారి ఎగరలేదు, జారింది. కుర్రాడు నోరు తెరుచుకుని చూశాడు. 'నాన్నా, ఓసారి రా' అని పిలిచాడు. తండ్రి కుర్చీలో కూర్చుని, జీవితంలో మొదటిసారి మౌసు పట్టుకుని, అటోసారి ఇటోసారి తిప్పి, 'రెక్క బాగా తిరుగుతోందిరా' అన్నాడు.

వాడు ఆ సాయంత్రమే నీడలు తగ్గించి ఆడాడు. మూడు ఆటల్లో ఒకటి గెలిచాడు. రెండు ఓడాడు. ఓడిపోయినప్పుడు మానిటర్‌ని తిట్టలేదు. తిట్టడానికి వీల్లేదు మరి!

రాత్రి భోజనాల దగ్గర తండ్రే కదిపాడు. 'ఆ కార్డు సంగతి... ఒకాయనతో మాట్లాడాను.'

'వద్దు నాన్నా' అన్నాడు కొడుకు, తలెత్తకుండానే. 'ఉన్నదాంతో ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది.'

తండ్రి ఏమీ అనలేదు. మారు అన్నం పెట్టించుకున్నాడు.